నరకం అడుగున మంచు

పోయిన సంచికలో "సాహిత్యంలో నరకం, చెడు: ఏమడగాలన్నా రాయండి" అని ఒక చిన్న ముక్క వేశాం. వచ్చిన ప్రశ్నల్లో ఒకే మాట అడిగినవాటిని కలిపేసి, మిగిలినవి ఇక్కడ ఇస్తున్నాం. కొన్నిటికి నాలుగు వాక్యాలు సరిపోయాయి, కొన్నిటికి సరిపోలేదు.

ప్రశ్న: "నైతిక సంక్షోభ సమయంలో తటస్థంగా ఉన్నవారికి నరకంలో అత్యంత వేడి స్థానం కేటాయించబడింది" అని డాంటే పేరుతో వాట్సాప్‌లో తిరుగుతోంది. మా అమ్మాయి వక్తృత్వ పోటీలో వాడతానంటోంది. ఏ సర్గలో ఉందో చెప్పగలరా? (ఎంవీపీ కాలనీ)

జవాబు: ఏ సర్గలోనూ లేదండీ. అమెరికా అధ్యక్షుడు కెనడీ తన ప్రసంగాల్లో డాంటే పేరు మీద ఈ మాట వాడాడు, అక్కణ్ణుంచి లోకమంతా పాకింది. ఇటలీ కవి డాంటే రాసింది చదివితే ఈ మాట రెండు రకాలుగా తప్పు.

మొదటిది, తటస్థులకి ఆయన నరకంలో చోటే ఇవ్వలేదు. 'డివైన్ కామెడీ'లో మొదటి భాగమైన 'ఇన్‌ఫెర్నో' మూడో సర్గ చూడండి. గుమ్మం దాటాక, అకెరాన్ నది రేవుకి ఇవతల, వసారా లాంటి చోటొకటి ఉంది. బతికినన్నాళ్ళూ ఎటూ నిలబడనివాళ్ళు అక్కడ ఒంటిమీద నూలుపోగు లేకుండా, గిర్రున తిరిగే ఒక జెండా వెనక పరిగెడుతూనే ఉంటారు. కందిరీగలూ జోరీగలూ కుడుతుంటాయి. మొహాల మీంచి కారే నెత్తురు కన్నీళ్ళతో కలిసి కాళ్ళ దగ్గర పడితే పురుగులు జుర్రుకుంటాయి. స్వర్గం వాళ్ళని రానివ్వలేదు, లోపలి నరకమూ పుచ్చుకోలేదు. "వీళ్ళ సంగతి మనకెందుకు, చూసి ముందుకు నడు" అంటాడు దారి చూపించే రోమన్ కవి వర్జిల్.

రెండోది, డాంటే నరకానికి అడుగున వేడి లేదు. మంచు ఉంది. కొకైటస్ అనే సరస్సు గడ్డకట్టుకుపోయి ఉంటుంది, అందులో నమ్మకద్రోహులు నాలుగు వరసలుగా ఇరుక్కుని ఉంటారు: అయినవాళ్ళని ముంచినవాళ్ళు, ఊరినీ దేశాన్నీ అమ్మేసినవాళ్ళు, అన్నం పెట్టడానికి పిలిచి అతిథిని చంపినవాళ్ళు, మేలు చేసిన ప్రభువుకే ఎసరు పెట్టినవాళ్ళు. మూడో వరసవాళ్ళు వెల్లకిలా పడి ఉంటారు. ఏడుద్దామంటే మొదట వచ్చిన కన్నీరే కంటిగుంటలో గడ్డకట్టి, వెనకొచ్చేదానికి దారి మూసేస్తుంది. నాలుగో వరసలో మనిషి మొత్తం మంచులోపలే ఉంటాడు, గాజులో చిక్కిన గడ్డిపరక లాగా. ఈ పోలిక డాంటేదే.

సరస్సు నడిబొడ్డున సైతాను, అంటే లూసిఫర్. ఎరుపు, పాలిపోయిన పసుపు, నలుపు రంగుల్లో మూడు మొహాలు, గబ్బిలం రెక్కల్లాంటివి ఆరు. మూడు నోళ్ళలో క్రీస్తుని పట్టిచ్చిన జూడాస్, సీజర్‌ని చంపిన బ్రూటస్, కాసియస్. రెక్కలు ఆడిస్తుంటే పుట్టే గాలికే సరస్సు గడ్డకడుతోంది. అంటే తనని బంధించిన మంచుని తనే తయారుచేసుకుంటున్నాడు. కావ్యం మొత్తంలో ఒక్క మాట మాట్లాడడు.

కోపం, కామం వేడి మీద చేసే తప్పులు. వాటిని డాంటే పై అంతస్తుల్లో ఉంచాడు. నమ్మించి గొంతు కోయాలంటే మాత్రం ఒళ్ళు చల్లగా ఉండాలి, లెక్క వేసుకోవాలి, నవ్వాలి. అందుకే అడుగున మంచు. మీ అమ్మాయిని ఆ కొటేషన్ మానేసి జెండా దృశ్యం చెప్పమనండి. ఒక్క నిమిషంలో అయిపోతుంది. న్యాయనిర్ణేతల్లో డాంటేని చదివినవాళ్ళు ఎవరైనా ఉంటే మార్కులూ పోవు.

ప్రశ్న: బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర షిఫ్టులు చేసేవాణ్ణి. నరకాగ్ని గురించి రాసినవాళ్ళు ఎప్పుడైనా నిప్పు దగ్గర నిలబడ్డారా అని అనుమానం. మిల్టన్ నరకంలో మంటలకి వెలుగే ఉండదట, అదెలా కుదురుతుంది? (గాజువాక)

జవాబు: ఇంగ్లీషు కవి మిల్టన్ కావ్యం 'పారడైజ్ లాస్ట్' మొదటి పుస్తకంలో ఆ మంటల నుంచి వచ్చేది వెలుగు కాదు, "కంటికి కనిపించే చీకటి" అంటాడాయన. పండితులు దీన్ని విరోధాభాస అలంకారం అని దాటేస్తారు. మీ వృత్తిలో ఉన్నవాళ్ళు మాత్రం ఇంకో మాట అనొచ్చు. అక్కడ మండేది గంధకం. అది సుమారు 115 డిగ్రీల సెల్సియస్‌కి కరుగుతుంది, 445 దగ్గర మరుగుతుంది. ఏ పదార్థమైనా వేడికి ఎర్రగా వెలగడం మొదలయ్యేది దాదాపు 525 దగ్గర. అంటే ద్రవంగా ఉన్న గంధకం తనంత తాను ఎర్రగా వెలిగే ప్రశ్నే లేదు, దాని మంట కూడా మసక నీలం. గంధకం సరస్సు చుట్టూ చీకటే కనిపించడం భౌతికశాస్త్రానికి పెద్ద విరుద్ధం కాదు! మిల్టన్ ఇదంతా లెక్కగట్టి రాశాడని కాదు. 1652 కల్లా ఆయనకి రెండు కళ్ళూ పోయాయి. వేల పాదాలు నోటితో చెప్పి రాయించాడు. వెలుగు తెలియకుండా సెగ మాత్రమే తెలియడం ఆయనకి కొత్త కాదు.

మన పురాణాల్లో మీ సరుకుకి దగ్గరగా వచ్చేది అయఃపానం. వ్రతంలో ఉండి మద్యం తాగినవాణ్ణి పడుకోబెట్టి, గుండెల మీద కాలేసి తొక్కిపట్టి, కరిగిన ఇనుము నోట్లో పోస్తారు. స్వచ్ఛమైన ఇనుము కరగాలంటే 1,538 డిగ్రీలు కావాలి, కర్బనం కలిస్తే తక్కువలోనే కరుగుతుందని మీకు చెప్పక్కర్లేదు. కానీ పురాణంలో ఆ వేడి ఎంతో, రంగేమిటో ఒక్క మాట లేదు. ఉన్నది గుండె మీద పెట్టిన కాలు. నిప్పుని వర్ణించే కవి కన్నా ఆ కాలుని చూపించే కవే ఎక్కువ భయపెడతాడు.

ప్రశ్న: ఒక సినిమాలో అంధకూపం, కుంభీపాకం, కృమిభోజనం అంటూ గరుడపురాణం శిక్షలు వేస్తాడు హీరో. ఏ నరకం ఏ పాపానికో నిజంగా రాసి ఉందా? (అనకాపల్లి)

జవాబు: రాసి ఉంది. అయితే మీరడిగిన మూడూ ఒకేచోట, ఏ పాపానికి ఏదన్న లెక్కతో సహా కావాలంటే గరుడపురాణం కన్నా భాగవతం పంచమ స్కంధం చివరి అధ్యాయం తెరవండి. మొదట 21, ఆపైన 7, మొత్తం 28 నరకాలు. తెలుగులో పోతన భాగవతం అంటాం గానీ పంచమ స్కంధం పోతనది కాదు, గంగన తెలిగించాడు. ఆరోది ఏర్చూరి సింగన, 11, 12 వెలిగందల నారయ. పోతన పేరు పెట్టి నరక వర్ణన ఉదహరిస్తే సభలో ఎవరో ఒకరు పట్టేస్తారు, జాగ్రత్త.

సినిమాలో కనిపించనిది అక్కడి లెక్కలో ఉంది. బతికున్న పక్షుల్నీ జంతువుల్నీ వండుకున్నవాడు కుంభీపాకంలో మరిగే నూనెలో ఉడుకుతాడు. పిల్లలకీ అతిథులకీ పెట్టకుండా ఒక్కడే తిన్నవాడు కృమిభోజనంలో తనే పురుగై, పురుగుల్ని తింటూ, పురుగులకి తిండవుతాడు. అంధకూపం మరీ విచిత్రం. దోమలూ నల్లులూ లాంటి ప్రాణులు నెత్తురు తాగి బతికేది దేవుడు వాటికలా ఏర్పాటు చేశాడు కాబట్టి. ఎదుటివాడి నొప్పి తెలిసిన మనిషి వాటిని హింసిస్తే అవన్నీ చీకట్లో పగ తీర్చుకుంటాయట. విశాఖలో దోమల బ్యాట్ లేని ఇల్లుందా అని అడక్కండి.

మీ ఊరివాళ్ళకి వెంటనే అర్థమయ్యేది సూకరముఖం. తప్పు చెయ్యనివాణ్ణి శిక్షించిన రాజు గానీ రాజోద్యోగి గానీ అందులో పడతాడు. వాణ్ణి చెరుకుగడని నలిపినట్టు నలిపేస్తారు. మూలంలో పోలిక చెరుకే. అనకాపల్లిలో గానుగ చూసినవాళ్ళకి వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు. గడ ఒక్కసారితో వదలదు, పిప్పిని మడిచి మళ్ళీ పెడతారు.

అన్నిటికన్నా పనితనం ఉన్నది సూచీముఖం. డబ్బున్నవాడు, ఎవర్ని చూసినా దొంగలా కనిపించేవాడు, తినక పెట్టక కాపలా కాసేవాడు. యమభటులు వాడి ఒళ్ళంతా దారంతో కుట్టేస్తారు, నేతగాళ్ళు బట్ట కుట్టినట్టు. జీవితమంతా సంచి మూతి బిగించినవాడు చివరికి తనే సంచి అయ్యాడు. డాంటేలో కూడా శిక్ష ఇలా పాపంలోంచే పుడుతుంది. జోస్యం చెప్పినవాళ్ళ తలలు వెనక్కి తిరిగిపోయి ఉంటాయి 20వ సర్గలో, ముందుకు చూడబోయారు కాబట్టి.

ప్రశ్న: తొట్లకొండ బౌద్ధారామం చూసొచ్చాం. నిర్వాణం గురించి చెప్పే బౌద్ధంలో నరకం కూడా ఉందా? ఉంటే ఎవరు వేస్తారు శిక్ష? (మధురవాడ)

జవాబు: ఉంది, వివరంగానే ఉంది. బౌద్ధ పండితుడు వసుబంధుడి అభిధర్మకోశంలో వేడి నరకాలు 8, చలి నరకాలు 8. వేడివాటి పేర్లు మనకి తెలిసినవే: సంజీవం, కాలసూత్రం, సంఘాతం, రౌరవం, మహారౌరవం, తపనం, ప్రతాపనం, అవీచి. చలివాటి పేర్లు పైకి చదివి చూడండి: అర్బుదం, నిరర్బుదం, అటటం, హహవం, హుహువం, ఉత్పలం, పద్మం, మహాపద్మం. మొదటి రెండూ చలికి ఒంటిమీద లేచే పొక్కులు, ఆ పొక్కులు పగలడం. మధ్య మూడూ అర్థం ఉన్న మాటలు కావు, పళ్ళు టకటకలాడుతున్నప్పుడు నోట్లోంచి వచ్చే చప్పుళ్ళు. చివరి మూడింటిలో చర్మం కలువలా, తామరలా రేకులు విచ్చుకుని పగులుతుంది. పువ్వు పేరు పెట్టి ఇంత భయపెట్టిన కవిత్వం ఇంకెక్కడైనా ఉందా అని సందేహమే.

శిక్ష వేసే న్యాయమూర్తి మాత్రం లేడు. బుద్ధుడి ఉపదేశాల సంకలనమైన మజ్ఝిమనికాయంలో దేవదూత సుత్తం అని ఒకటుంది. అందులో చచ్చి నరకానికి వచ్చినవాణ్ణి యముడు ప్రశ్నలే అడుగుతాడు: పసిబిడ్డని చూడలేదా? ముసలివాణ్ణి? రోగిని? శిక్ష పడిన దొంగని? శవాన్ని? చూశానంటాడు వీడు. చూసి నీకూ ఇంతేనని తోచలేదా అంటాడు యముడు. నీ పని తల్లీ తండ్రీ చేసింది కాదు, దేవతలు చేసింది కాదు, నువ్వు చేసిందే అని తేల్చేసి ఊరుకుంటాడు. ఇక్కడి నరకానికి గడువు ఉంది. కర్మ అయిపోతే బయటపడతారు. పురాణాల్లోనూ అంతే. డాంటే గుమ్మం మీద "లోపలికి వచ్చేవాళ్ళు ఆశ వదులుకోండి" అని చెక్కి ఉంది. అక్కడ గడువు లేదు. రెండిటినీ పోల్చేటప్పుడు చాలామంది జారిపోయేది ఇక్కడే.

ప్రశ్న: నవల రాస్తున్నాను. విలన్ ఎంత రాసినా సీరియల్ విలన్‌లా తయారవుతున్నాడు. మహాకవులు ఏం చేశారు? (అక్కయ్యపాలెం)

జవాబు: బహుశా మీరు వాడికి ఒక కారణం వెతుకుతున్నారు. చిన్నప్పుడు అవమానం, తండ్రి చావు, ఏదో ఒకటి. కారణం దొరకగానే పాఠకుడు వాణ్ణి అర్థం చేసేసుకుని పక్కన పెట్టేస్తాడు. షేక్‌స్పియర్ 'ఒథెల్లో' నాటకంలో విలన్ ఇయాగో చేత కారణాలు చెప్పిస్తాడు, ఒకటి కాదు: ఉద్యోగం కాసియోకి పోయింది, భార్య మీద పుకారు ఉంది. ఏ ఒక్కటీ ఆ పనికి సరిపడదు. చివర ఎందుకు చేశావని అడిగితే "నన్నేమీ అడక్కండి. మీకు తెలిసింది మీకు తెలుసు. ఇక నేను నోరు విప్పను" అంటాడు. విప్పడు కూడా. ఇక వాడి ఆయుధం ఏమిటి? స్ట్రాబెర్రీ పళ్ళు కుట్టిన ఒక చేతిరుమాలు. మీ విలన్ చేతిలో ఉన్న వస్తువు ఎంత చిన్నదైతే అంత మంచిది.

శకుని సంగతీ చూడండి. తండ్రి ఎముకలతో పాచికలు చేశాడు, కౌరవుల మీద పగ అనే కథ వ్యాస భారతంలో లేదు, తర్వాత జనంలో పుట్టింది. జనానికి కారణం కావాలి కదా! వ్యాసుడు ఇచ్చింది పగ కాదు, పనివాడి గర్వం. పందేలు నా విల్లు, పాచికలు నా బాణాలు, పాచికల మర్మం నా అల్లెతాడు, పరిచిన పట నా రథం అంటాడు సభాపర్వంలో. తన పని తనకి ఇంత బాగా వచ్చని ఎరిగినవాడికి ఇంకే కారణమూ అక్కర్లేదు.

మిల్టన్ సైతాను మొదటి రెండు పుస్తకాల్లో హీరోలాగే మాట్లాడతాడు. స్వర్గంలో ఊడిగం చెయ్యడం కన్నా నరకంలో ఏలడం మేలంటాడు. కవి తనకి తెలియకుండానే సైతాను పక్షం అన్నాడు ఇంగ్లీషు కవి విలియం బ్లేక్. సరే, మూడో పుస్తకం నుంచి ఒంటిని చూస్తూ పొండి. చిన్న దేవదూత వేషం, తర్వాత చెట్టు మీద నీటికాకి, ఈవ్ చెవి దగ్గర కప్ప, పొగమంచు, పాము. పదో పుస్తకంలో గెలిచొచ్చానని ఉపన్యాసం దంచి చప్పట్ల కోసం ఆగితే వినిపించేది బుసలు. మాటల్లో తగ్గించలేదు, ఆకారంలో తగ్గించాడు. మీరూ విలన్ డైలాగులు తగ్గించకండి, అధ్యాయానికి ఒక మెట్టు చొప్పున వాడు చెయ్యగలిగే పనిని తగ్గించండి.

ప్రశ్న: "జానామి ధర్మం న చ మే ప్రవృత్తిః" దుర్యోధనుడి మాట భారతంలో ఏ పర్వం? (గోపాలపట్నం)

జవాబు: భారతంలో కాదు. పాండవగీత, ప్రపన్నగీత అని పిలిచే స్తోత్ర సంకలనంలో దుర్యోధనుడి నోట పెట్టిన శ్లోకం. ధర్మం తెలుసు, అటు మనసు పోదు; అధర్మం తెలుసు, దాన్నుంచి మళ్ళదు. ఇదే మాట రోమన్ కవి ఓవిడ్ 'మెటమార్ఫసెస్' ఏడో పుస్తకంలో మెడియా అనే పాత్ర చేత అనిపించాడు: మంచేదో కనిపిస్తోంది, ఒప్పుకుంటున్నాను, పోయేది మాత్రం చెడు వెంటే. ఒకరిని చూసి ఒకరు రాశారనుకోనక్కర్లేదు. ఇద్దరూ మనుషుల్ని చూశారు.

ప్రశ్న: "ఇతరులే నరకం" అంటే జనంతో కలవొద్దనా? (ద్వారకానగర్)

జవాబు: కాదు. ఆ మాట ఉన్నది ఫ్రెంచ్ రచయిత సార్త్ 1944 నాటి నాటకంలో. అందులో ముగ్గురు చచ్చినవాళ్ళు ఒక గదిలో ఉంటారు. అద్దం లేదు, దీపం ఆరదు, కనురెప్ప పడదు. తానెలా ఉన్నదీ ఎదుటివాళ్ళు చెబితేనే తెలియాలి. వాళ్ళ కళ్ళకి అలా తాకట్టు పడటమే నరకమంటాడు. చివర్లో తలుపు తెరుచుకుంటుంది కూడా. ఎవరూ బయటికి పోరు.

ప్రశ్న: రిటైరయ్యాను. ఇవన్నీ మొదటి నుంచి చదవాలని ఉంది. ఇంగ్లీషు అనువాదాల్లో డాంటే రెండుసార్లు మొదలుపెట్టి ఆపేశాను. ఎలా చదవాలి? (సీతమ్మధార)

జవాబు: డాంటే దగ్గర ఆగిపోయేవాళ్ళు ఎక్కువమంది ఆగేది ఆయన ఊరు ఫ్లారెన్స్ రాజకీయాల పేర్ల దగ్గర. ప్రతి పేరుకీ అధస్సూచిక చూసుకుంటూ పోతే ఆరో సర్గకే విసుగొస్తుంది. ముందు 11వ సర్గ ఒక్కటీ చదివెయ్యండి. అక్కడ ఇద్దరూ దుర్వాసన అలవాటయ్యేదాకా ఒక సమాధి మూత చాటున ఆగుతారు, ఆ ఖాళీలో వర్జిల్ కింది నరకం పటమంతా నోటితో గీసిపెడతాడు. దాన్ని ఒక కాగితం మీద మీరే గీసుకోండి: పైనుంచి తొమ్మిది వలయాలు, ఏడోదానిలో మూడు చిన్న వలయాలు, ఎనిమిదోదానిలో పది కందకాలు, తొమ్మిదోదానిలో నాలుగు మంచు వరసలు. ఆ కాగితం పుస్తకంలో పెట్టుకుని మొదటి సర్గకి రండి. ఇన్‌ఫెర్నో 34 సర్గలు, మొత్తం 4,720 పాదాలు. రాత్రికొక సర్గ అనుకుంటే అరగంట చాలు, నెల దాటి నాలుగు రోజులు. సూచికలు సర్గ పూర్తయ్యాక చూడండి, మధ్యలో వద్దు. లాంగ్‌ఫెలో 1867 అనువాదానికి కాపీరైటు లేదు, ఉచితంగానే దొరుకుతుంది. అయితే భాష పాతది. అది నడవకపోతే ఈ కాలపు వచనానువాదం పుచ్చుకోండి, తప్పేం లేదు.

డాంటేకి ముందు వారం రోజులు హోమర్ 'ఒడిస్సీ' 11వ పుస్తకం, వర్జిల్ 'ఈనియడ్' ఆరో పుస్తకం చదివితే దారి సుగమం. మొదటిదానిలో ఒడిస్సియస్ మూరెడు పొడవు, మూరెడు వెడల్పు గొయ్యి తవ్వి, తేనె కలిపిన పాలు, తీపి ద్రాక్షాసవం, నీళ్ళు వరసగా పోసి, పైన బార్లీ పిండి చల్లి, గొర్రెల నెత్తురు గొయ్యిలోకి వదులుతాడు. చచ్చినవాళ్ళలో చాలామంది ఆ నెత్తురు తాగితే గానీ మాట్లాడలేరు. పిండాలు పెట్టే ఇంట పుట్టినవాళ్ళకి ఈ ఘట్టం పరాయిగా అనిపించదు. మిల్టన్‌ని 1, 2, 4, 9, 10 పుస్తకాల వరసలో చదవండి. 11, 12 మొదటి విడత వదిలేసినా కథ తెగదు.

ప్రశ్న: మా కాలేజీ వార్షికోత్సవానికి ధర్మరాజు నరకదర్శనం వెయ్యాలనుకుంటున్నాం. ఎర్ర లైట్లు, పొగ, థర్మోకోల్ పుర్రెలు సిద్ధం. ఇరవై నిమిషాలు. సలహా ఇవ్వండి. (మద్దిలపాలెం)

జవాబు: పుర్రెలు అటకెక్కించండి, ఎర్ర లైట్లు పక్క హాలు వాళ్ళకి ఇచ్చెయ్యండి. స్వర్గారోహణ పర్వంలో ఆ దారి చీకటి. ఈగలు, దోమలు, ఇనుప ముక్కుల కాకులు, కత్తుల్లాంటి ఆకుల అడవి, మరిగే నీళ్ళ ఏరు అన్నీ ఉన్నాయి గానీ, అసలు దెబ్బ కంటికి కాదు, చెవికి. నాటకం అక్కడుంది.

వరస తప్పించకండి. స్వర్గంలో సింహాసనం మీద దుర్యోధనుడు కనిపిస్తాడు. ధర్మరాజు మొహం తిప్పుకుంటాడు. ఇక్కడ పగలు లేవయ్యా అంటాడు నారదుడు. నా వాళ్ళెక్కడ, కర్ణుడెక్కడ అని అడుగుతాడు ధర్మరాజు. కర్ణుడి పాదాలు మా అమ్మ పాదాల్లా ఉండేవి, అది చూసి కూడా ఆయన వెంట నడవలేదని బాధపడేది కూడా ఈ ఘట్టంలోనే. దీనికి ఐదు నిమిషాలు. తర్వాత దేవదూత వెంట నడక, నాలుగు నిమిషాలు చాలు. ఇంకెంత దూరం అంటే, నాకు చెప్పింది ఇంతవరకే, అలిసిపోతే వెనక్కి పోదాం అంటాడు దూత. ధర్మరాజు నిజంగానే వెనక్కి తిరుగుతాడు. చాలా ప్రదర్శనలు పాడయ్యేది ఇక్కడ. ఆయన్ని గొప్పవాడిగా చూపించాలని వెనక్కి తిరగడం తీసేస్తారు. తిరగకపోతే తర్వాత ఆగడానికి విలువ లేదు.

తిరిగాక గొంతులు: కాసేపు ఆగు, నీ ఒంటి మీంచి వచ్చే గాలికి మాకు హాయిగా ఉంది. స్పీకర్లు వేదిక మీద పెట్టకండి, ప్రేక్షకుల వెనక రెండు మూలల్లో పెట్టండి, వేదిక మైకు కన్నా తక్కువ స్థాయిలో. అప్పుడు జనమంతా తలలు తిప్పుతారు, తామూ ఆ గుంపులోనే కూర్చున్నామని తెలుస్తుంది. ఎవరు మీరు అని అడిగితే పేర్లు వచ్చే వరస మూలంలో ఇది: కర్ణుడు, భీముడు, అర్జునుడు, నకులుడు, సహదేవుడు, ధృష్టద్యుమ్నుడు, ద్రౌపది, ద్రౌపది కొడుకులు. కర్ణుడు ముందు. స్వర్గంలో వెతికింది ఆయన్నే కదా. పేరుకీ పేరుకీ మధ్య నాలుగైదు సెకన్లు వదలండి. అన్ని గొంతులూ కలిపి ఒకే ట్రాక్‌లో రికార్డు చేస్తే నటుడు మొహం మార్చేలోగా తర్వాతి పేరు వచ్చి పడుతుంది. ఒక్కొక్కటీ విడి ఫైలు చేసి, నటుణ్ణి చూసి నొక్కే మనిషిని పెట్టండి.

పొగ గురించి ఒక హెచ్చరిక. డ్రై ఐస్ వాడితే వచ్చేది కార్బన్ డయాక్సైడు, గాలి కన్నా బరువు, నేలనే పరుచుకుంటుంది. వేదిక మీద పడుకున్న నటుడికి ఊపిరాడదు. పడుకునే పాత్రలుంటే అది వద్దే వద్దు. ఫాగ్ మెషీన్ అయితే మన ఊరి ఉక్కలో తలుపులు మూసిన హాల్లో పొగ కదలదు, ముందు వరస దగ్గుతుంది, గొంతులు వినపడవు. ఒక్క స్పాట్ లైటు, ధర్మరాజు మొహం మీద, అంతే చాలు.

అప్పుడు ఆయన దేవతల్నీ ధర్మాన్నీ తిడతాడు, దూతని పొమ్మంటాడు, నేనిక్కడే ఉంటానంటాడు. ఇదే గాలి, ఇదే పట్టు మారన మార్కండేయ పురాణంలో విపశ్చిత్తు కథలోనూ ఉంది. ఆ రాజు ఒంటిగాలి సోకి నరకంలో వాళ్ళకి బాధ తగ్గుతుంది, ఆయనా కదలనంటాడు. మీకు నిమిషాలు మిగిలితే వ్యాఖ్యాత చేత రెండు మాటలు చెప్పించొచ్చు. మిగలకపోతే వద్దు.

ఇంద్రుడు రాగానే చీకటి పోతుంది. ఆయన మాటల్లో ఒక శ్లోకం సంస్కృతంలోనే ఉంచండి: "వ్యాజేన హి త్వయా ద్రోణ ఉపచీర్ణః సుతం ప్రతి, వ్యాజేనైవ తతో రాజన్ దర్శితో నరకస్తవ." కొడుకు విషయంలో ద్రోణుణ్ణి వంకతో మోసం చేశావు, అందుకే నీకూ వంకతోనే నరకం చూపించాం. అశ్వత్థామ పేరుతో ఆడిన అబద్ధానికి బాకీ ఇన్నాళ్ళకి తీరింది. ఇంద్రుడి వేషం కట్టిన కుర్రాడు దీన్ని ఉరుములా అరవబోతాడు, ఆపండి. పాత బాకీ చీటీ చదివి వినిపించే గుమాస్తా గొంతుతో చెప్పమనండి.